అన్నయ్య నాకు చెప్పని నాలుగు నెలలు

దుర్గాపూజ పందిళ్లకు ఇంకా వెదుళ్లు పాతుతూనే ఉన్నారు, సింహాచలం అన్నయ్య కన్నుమూశారన్న దుర్వార్త మా రైల్వే ట్రాఫిక్ కాలనీ అంతా పాకిపోయింది. పొద్దున్న టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. గుండెపోటు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో జీవితమంతా వెల్డరుగా పనిచేసి నిరుడే రిటైరైన మనిషి. తాగుడు మానదలచినవారి కోసం ఈ కాలనీలో ఆదివారం సమావేశాన్ని నిలబెట్టిన పుణ్యాత్ముడు. నాకు రక్తసంబంధం లేని అగ్రజుడు. వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. అంతకన్నా పెద్ద దెబ్బ ఆ మధ్యాహ్నమే తగిలింది. అది కూడా ఈ నివాళిలో రాయమని వదినగారే అన్నారు. "మంచోడని ఒకటే రాయకు బాబూ, ఉన్నదున్నట్టు రాయి."

మూడేళ్ల కిందట నేను తాగి డ్యూటీకి వెళితే గేటు దగ్గరే వెనక్కి పంపించేశారు. ఆ సాయంత్రం అన్నయ్య మా ఇంటికొచ్చి, నీతులేమీ చెప్పకుండా, చొక్కా మార్చుకోమన్నారు. చర్చి వెనక గదికి నడిపించుకుపోయారు. లోపల మా వర్క్‌షాపువాడొకడు కనబడేసరికి సిగ్గుతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఆడు నిన్ను సూడ్డానికి రానేదు, తన కోసం వచ్చినాడు. లోపలికెల్లి కూకో. ఏటీ మాటాడక్కర్నేదు. టీ తాగి ఎల్లిపోదువు గాని," అన్నారు.

ఆ టీ వంకతోనే నాలుగు వారాలు వెళ్లాను. అయిదో వారం నోరు విప్పాను.

మా సమావేశంలో ఒక ఆచారముంది. మాట్లాడేవాడు లేచి ముందు తన పేరు, తరవాత మానేసి ఎన్నాళ్లయిందో చెప్పాలి. మధ్యలో ఒక్క గుక్క పడినా మళ్లీ ఒకటో రోజు నుంచే లెక్క. ఈ నియమపాలనలో అన్నయ్య పరమ నిష్ఠాగరిష్ఠుడు. ఒకసారి ఒకాయన, ఏడాది నిండడానికి వారం ఉందనగా తాగి, ఆ ఒక్కరోజూ తీసేసి మిగతావి కలుపుకోవచ్చా అని బతిమాలాడు. "నెక్కా నీదే, అబద్దమూ నీదే. మొయ్యగలిగితే మోసుకో," అన్నారు అన్నయ్య. పాపం ఆయన ఏడుస్తూనే ఒకటో రోజని చెప్పుకున్నాడు.

మొన్న జ్యేష్ఠంలో అన్నయ్యకు తొమ్మిదేళ్లు నిండాయని అందరికీ సందేశ్ మిఠాయిలు పంచాం. ఆయనకు శాలువా కప్పింది నేనే. తల దించుకునే ఉన్నారు. మహానుభావుడి వినయమనుకున్నాను. నా తెలివి అంతవరకే.

అంతిమయాత్ర బయలుదేరే ముందు నలుగురు బెంగాలీలు రజనీగంధ దండలతో వచ్చారు. మాలో ఎవరూ వాళ్లనెరగరు. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, మీరూ మీటింగు మనిషేనా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. ఊళ్లోనే మలంచా పేటలో తమదీ అలాంటి బృందమేనని, సింహాచలం దాదా ప్రతి గురువారం వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారని చెప్పాడు. మాకూ తెలుసనే అనుకున్నాడు. నిన్నటికి దాదాకి నూటపద్దెనిమిది రోజులయ్యాయని, అంత నిజాయతీపరుణ్ణి తాను చూడలేదని కళ్లు తుడుచుకున్నాడు.

నూటపద్దెనిమిది రోజులు. అంటే రిటైరయ్యాక పొద్దుపోక మళ్లీ మొదలుపెట్టి, కొన్ని నెలలు తాగి, తిరిగి మానడానికి తెలుగు మాట వినబడని చోటు వెతుక్కుని ఆటో ఎక్కారు. గురువారం అక్కడ నిజం చెప్పి, ఆదివారం మా ఎదుట తొమ్మిదేళ్లన్నారు. నేను శాలువా కప్పిన నాటికి ఆయనకు పట్టుమని పదిహేను రోజులు లేవు. సొంతవాళ్లకు ఎందుకు చెప్పరని వాళ్లడిగితే, అక్కడ నన్ను చూసి నిలబడ్డవాళ్లున్నారు, నేను పడ్డానంటే వాళ్లూ పడతారు అన్నారట.

నాకు ఒళ్లు మండిపోయింది. భౌతికకాయం ఇంకా వాకిట్లో ఉండగా కోపం తెచ్చుకోవడం అపచారమే. అయినా మండింది. ఎందుకంటే నేను అప్పటికే పడి ఉన్నాను. శ్రావణంలో మా చెల్లెలి కూతురి పెళ్లికి శ్రీకాకుళం వెళ్లి తాగాను. తిరిగొచ్చాక ఇక్కడా తాగాను. ఆదివారం లేచి రెండేళ్ల ఎనిమిది నెలలని చెబుతూనే ఉన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని వింటూనే ఉన్నారు. మూడుసార్లు ఆయన క్వార్టరు దాకా వెళ్లాను, చెప్పేద్దామని. తొమ్మిదేళ్ల మనిషి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? మూడోసారి ఆయనే ఎదురై, ఏటి తమ్ముడూ ఇలాగొచ్చినావన్నారు. ఊరికేనన్నాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని వానల గురించి మాట్లాడుకున్నాం. ఆయన ఒక్క ముక్క అని ఉంటే నేనూ అనేవాణ్ణి.

దహనమయ్యాక వదినగారిని అడిగాను, మీకు తెలుసా అని.

"తెలుసు బాబూ. ఎవులికి తెలిసినా నీకు మాత్రం తెలీకూడదని ఒట్టేయించుకున్నారు," అన్నారావిడ.

తరవాతి ఆదివారం సంతాపసభలో మొదట నన్నే మాట్లాడమన్నారు. లేచి నా పేరు చెప్పి, ఈరోజుకి నాకు అయిదో రోజు అన్నాను. ఆయన గుణగణాలు కీర్తించడానికి నోరు రాలేదు, కూర్చుండిపోయాను.

ఆ కీర్తన ఇప్పుడు చేస్తున్నాను. ఆయన వల్ల ఈ కాలనీలో ఎన్నో పొయ్యిలు మళ్లీ వెలిగాయి. ఆయన స్థానం భర్తీ చేయగల మనిషి మాలో లేడు. ఆ తొమ్మిదేళ్ల మహనీయుడికి అందరితో పాటు నేనూ చేతులు జోడిస్తున్నాను. కానీ అన్నయ్యా, నాకు అవసరమైన మనిషి ఆయన కాదు. మలంచాలో వెనక బెంచీ మీద కూర్చున్నాయన. నాలుగు నెలలు మీరు నా ఎదురుగానే ఉండి, ఆయన్ని నాకు ఒక్కసారైనా చూపించకుండా తీసుకుపోయారు.