జేజి చీర ముడి

చిలక్కొయ్యకు తగిలించిన నా తెల్లచొక్కా ఎన్నిసార్లు ఉతికినా దీపావళి మర్నాటి వీధి వాసనే వేస్తోంది. అది కారులో నా ముఖం ముందు పేలి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగు వాసన. అది సోకినప్పుడల్లా దానితో ఏ సంబంధమూ లేని ఇంకో వాసన, చింతపండూ నశ్యమూ కలిసిన మా జేజి పాతచీర వాసన, వెంటే వస్తుంది.

జేజి అంటే మా నాయనమ్మ. కమలాపురం దగ్గర మా పల్లెలో శెనక్కాయలు పీకే కాలం వస్తే మిద్దె మీద ఆరబోసిన కాయలు, వాటికంటిన ఎర్రమట్టి వాసన, మధ్యాహ్నం కుండలో ఉప్పేసి ఉడికించిన పచ్చికాయలు, రాత్రి సంగటి ముద్దలోకి రోట్లో నూరిన ఊరుబిండి, ఇల్లంతా అదే సంబరం. ఎద్దులబండిలో కాయల మూటల మీద కూర్చుని పాపాఘ్ని ఏరు దాటి సంతకు పోవడం నాకు తిరునాళ్ళ కన్నా పెద్ద పండుగ. ఆ పండుగలో ఒకటే అవమానం. ఏటి గట్టు దిగే ముందు జేజి బండి ఆపించి, పాతచీర నా నడుముకు చుట్టి బొడ్డు దగ్గర ముడివేసి, కొసలు బండి పక్కకర్రకు కట్టి, ముడిని గట్టిగా గుంజి చూసేది. సేద్యగాడు ఓబన్నకు నవ్వాగేది కాదు.

"ఏమ్మా, మనవణ్ణి సంతలో అమ్మేదానికి తోలకపోతాండావా, దూడను కట్టినట్ల కట్టినావు?"

"దూడకు నాలుగు కాళ్ళుండాయి, నిలబడుకుంటాది. వీనికి రెండేగదా. తోలు."

ఒక ఏడాది గట్టు విరిగి బండి పక్కకు ఒరిగింది. మూటలన్నీ ఏటి రాళ్ళ మీదికి దొర్లాయి. నేను మాత్రం చీరకు వేలాడుతూ ఉండిపోయాను. నవ్వే ఓబన్నే వచ్చి ముడి విప్పాడు. చిరిగిన కొసను జేజి కుట్టి మళ్ళీ బండిలో పెట్టుకుంది.

పది రోజుల కింద కర్నూలు నుంచి శ్రీశైలానికి బయలుదేరాం. తోలేది మా అబ్బాయి, పక్కన నేను, వెనక మనవరాలు సిరి. కొత్త కారు. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, మెత్తటి సీటు కవర్లు వేయించాడు. సిరిని బెల్టు పెట్టుకోమన్నాను.

"పట్టీ ఉండాది తాతా, తగిలించేది యాడ?"

తగిలించే బకిల్ కొత్త కవరు కింద కప్పబడిపోయింది. మా వైపు శానా కార్లలో అంతే.

"వెనకాల ఎవరు పెట్టుకుంటారు నాయనా? పొద్దు పోతాంది," అన్నాడు అబ్బాయి.

"కత్తెర తెచ్చి కవరు కోయప్పా."

"కొత్తది నాయనా!"

"కోయి."

ముఖం మాడ్చుకుని కోశాడు. నేను దిగి వెళ్ళి, బెల్టు బిగించి, గుంజి చూశాను.

"నన్ను కట్టేస్తాండావా తాతా?" అని సిరి మూతి ముడిచింది.

ఆత్మకూరు దాటాక మలుపులో బర్రె అడ్డం వచ్చింది. అబ్బాయి పక్కకు తిప్పాడు, కారు చెట్టును గుద్దుకుంది. పెద్ద చప్పుడు, కళ్ళ ముందు తెల్లటి పొడి. వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"తాతా, దీన్ని ఇప్పు, నొప్పి పుడతాంది."

ఆ మాట విని అబ్బాయి, విరిగిన చేత్తోనే, ముఖం కప్పుకుని ఏడ్చాడు.

కారు ముక్కు నలిగి దెబ్బను తాను తీసుకునేలా కడతారనీ, బెల్టు లేకపోతే ఎయిర్‌బ్యాగే మనిషిని గాయపరచగలదనీ తర్వాత తెలుసుకున్నాను. ఇన్ని ఏర్పాట్లు చేసిన ఆ తెలియని మనుషులకూ ఇళ్ళలో ఒక జేజి ఉండి ఉంటుందనిపించింది.

ఇప్పుడు ఆ ఏట్లోకి బండ్లు దిగవు, వంతెన ఉంది. ఓబన్న లేడు. "మీ జేజి చీర ఏ రంగు తాతా?" అని సిరి నిన్న అడిగింది. హైస్కూలు నాటి నుంచి డైరీ రాస్తున్నాను, జేజి అంతకు ముందే పోయింది, ఆ చీర సంగతి అందులో లేదు. వాసన గుర్తుంది, బొడ్డు దగ్గర ఒరుసుకున్న ముడి గుర్తుంది, రంగు గుర్తులేదు.

సిరి భుజం మీంచి నడుము దాకా బెల్టు ఒత్తుకుని కమిలిన చార ఉంది. మొదట నల్లగా ఉండేది, ఇప్పుడు పచ్చబడింది, కొన్నాళ్ళకు అదీ పోతుంది. రాత్రి దాన్ని రంగుతో సహా డైరీలో రాసుకున్నాను.