దర్జీ మావయ్య మీద రాసిన కథ

నా చిన్నప్పుడు నేను రాసిన మొదటి కథకు తిరువూరు మొత్తం కదిలిపోయింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. విస్సన్నపేట బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సు వదిలేసి మరీ ఆ కథ విన్నారు. హెడ్మాస్టరు గారు రెండుసార్లు చదివించుకుని, నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నారు.

ఇన్నేళ్లుగా ఇలాగే చెప్పుకుంటూ వస్తున్నాను. మనవరాళ్లకూ ఇలాగే చెప్పాను. నిజానికి బస్సు ఎవరూ వదులుకోలేదు. హెడ్మాస్టరు గారు ఆ రోజు బడికే రాలేదు. శనివారం మధ్యాహ్నం మా తరగతిలో పెట్టుకునే సాహిత్య సభలో నలభై మంది పిల్లల ముందు చదివాను, అంతే. అయితే ఊరు కదిలిందన్న మాటలో మాత్రం కొంత నిజముంది. ఆ కొంత నిజం గురించే ఇప్పుడు రాస్తున్నాను.

మా తెలుగు టీచరమ్మ మా పక్కింట్లోనే ఉండేవారు. ఆ వారం కథల్లో వాడే పద్ధతుల గురించి చెప్పారు. ఉన్నదాన్ని పెంచి చెబితే అతిశయోక్తి. కథ చెబుతున్నవాడు కథకుడు. సంగతిని ఎవరి కళ్లతో చూపిస్తున్నామో అది దృష్టికోణం. ఒక్కొక్కటీ బోర్డు మీద రాసి, శనివారానికి తలా ఒక కథ రాసుకు రమ్మన్నారు. దృష్టికోణం నాకు అర్థం కాలేదు. అతిశయోక్తి మాత్రం వెంటనే ఒంటబట్టింది. అది నాకు పుట్టుకతోనే ఉందని మా అమ్మ అనేది.

బస్టాండు వెనక దర్జీ మావయ్య కొట్టు ఉండేది. మా ఇంట్లో అందరి బట్టలూ ఆయనే కుట్టేవాడు. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. చెవి మీద ఎప్పుడూ ఎర్ర పెన్సిలు ఉండేది. ఆ ఏడు నా బడి లాగు కుట్టించినప్పుడు మిగులు గుడ్డేమీ తిరిగి రాలేదు. "ఈసారి గుడ్డ ఎక్కువే తీసుకున్నానే, ఏమైందో" అని అమ్మ గొణుక్కుంది. అని మరిచిపోయింది. నేను మరవలేదు.

నా కథలో దర్జీ ప్రతి గుడ్డలోనూ సగం మింగేస్తాడు. పెళ్లికొడుకు ప్యాంటు గుడ్డలో తనకు చొక్కా, పెళ్లికూతురి జాకెట్టు గుడ్డలో ఇంటి కిటికీలకు పరదాలు. చివర్లో ఆయన పెట్టె బద్దలు కొడితే ఊరందరి గుడ్డా బయటపడుతుంది. పేరు మార్చాను. మా ఊరికి బదులు దగ్గర్లోని నెమలి అనే ఊరి పేరు పెట్టాను. ఈడ్చే కాలును, ఎర్ర పెన్సిలును మాత్రం మార్చలేదు. అవి తీసేస్తే నవ్వు రాదు కదా మరి.

టీచరమ్మ ఆ పూట చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్పడానికి ముందే వెళ్లిపోయారు. ఆపేవాళ్లు లేరు. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. మూడో వరసలో దర్జీ మావయ్య కూతురు తల వంచుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూశాను. చూసి, గొంతు ఇంకాస్త పెంచాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లో ఎన్నో ఇళ్లకు కొత్తబట్టల కాలమది. పిల్లల నోట ఇళ్లకు చేరేసరికి నా కథ కబురైపోయింది. అంతకుముందు గుడ్డ ఇచ్చి వెళ్లిపోయే మనుషులు, కత్తిరించడం అయ్యేదాకా కొట్లో బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. కత్తెర ఆగగానే కింద పడ్డ ముక్కలు ఏరుకుని పట్టుకుపోయేవారు. "కూర్చోండమ్మా, చూసుకోండి" అనేవాడట ఆయన. అంతకు మించి ఎవరినీ ఏమీ అనలేదట.

సంగతి తెలిసిన రోజు సాయంత్రం టీచరమ్మ నన్ను పిలిచారు. కొడతారనుకున్నాను. ఒక తువ్వాలు చేతికిచ్చి, "లాగు విప్పి ఇలా ఇవ్వరా" అన్నారు. వరండాలో కూర్చుని, బ్లేడుతో దాని అంచు కుట్టు విప్పడం మొదలుపెట్టారు. ఇస్త్రీ పెట్టి నొక్కడం వల్ల పైకి మామూలు అంచులాగే ఉండేది. విప్పితే లోపల మడత, ఆ మడతలో ఇంకో మడత. రెండు కాళ్లకూ నాలుగేసి వేళ్ల గుడ్డ కిందికి జారింది. నడుము వెనక కుట్టులో మరికొంత. అమ్మ ఏమైందో అనుకున్న గుడ్డంతా నా ఒంటి మీదే ఉంది. దాన్ని వేసుకునే ఆ కథ చదివాను.

"వచ్చే ఏడు నువ్వు పొడుగవుతావని చూశాడురా ఆయన. నువ్వేం చూశావు? కాలూ పెన్సిలూనా?"

నేను తువ్వాలు బిగించుకున్నాను.

"చదివేవాళ్లకు తెలిసిన సంగతి కథలో మనిషికి తెలియకపోతే నాటకీయ వ్యంగ్యం అంటారు. పై తరగతిలో చెబుదామనుకున్నా. ఇదిగో, ఇప్పుడే చూసుకో."

తర్వాత కాగితం ఇచ్చి, అదే కథ ఆయన కళ్లతో రాయమన్నారు. 'నేను దర్జీని' అని రాసి ఆగిపోయాను. ఆయన ఇంట్లో ఎంతమందో తెలియదు. కాలు ఎందుకు ఈడుస్తాడో తెలియదు. ముక్కలు ఏరుకుపోతుంటే ఎటు చూస్తూ కూర్చుంటాడో తెలియదు. చీకటిపడే వేళకు 'పిల్లల లాగులకు అంచులో గుడ్డ వదులుతాను' అని ఇంకొక్క వాక్యం రాయగలిగాను. దృష్టికోణం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఆ కాగితమూ ఆ లాగూ పట్టుకుని, తువ్వాలుతోనే వీధిలో నడిచి టీచరమ్మతో కొట్టుకు వెళ్లాను. బల్ల మీద కూర్చున్నవాళ్లందరి ముందూ చదివాను. తప్పయిపోయింది మావయ్యా అన్నాను. ఆయన నవ్వి, అంచు మళ్లీ మడిచి కుట్టిచ్చాడు. బల్ల మీదున్న ఒకావిడ సిగ్గుపడి, గుడ్డ ఆయన చేతికిచ్చి వెళ్లిపోయింది.

తర్వాత చాలా కథలు రాశాను. ఇప్పటికీ ఎవరి నడకో, ఎవరి మాటతీరో నవ్వు కోసం కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆగుతుంది. ఈ మనిషి గురించి నాకు తెలియనిది ఏముందో అని కాసేపు కూర్చుంటాను. ఆ కూర్చోవడం టీచరమ్మ వరండాలో అలవాటైంది.

ఇక్కడిదాకా రాసి, మొన్న దర్జీ మావయ్య కూతురికి చూపించాను. కొట్టు ఇప్పుడు ఆమే నడుపుతోంది. మిషను ఆపి, కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"మా నాన్న నవ్వలేదు," అంది. "కాగితం చదివింది టీచరమ్మ. ఆ బల్ల మీదావిడ ముక్కలు ఏరుకునే పోయింది. నువ్వసలు లోపలికే రాలేదు. తువ్వాలు కట్టుకుని మెట్టు కింద నిలబడి, లాగు కోసం ఏడుస్తున్నావు. తప్పయిందన్న మాట నువ్వు అనలేదు. అని ఉంటే నాకు గుర్తుండేది."