లోపలక్క బయటికొచ్చింది

వాయిద్యాల దుకాణంలో ఆమెను అందరూ లోపలక్క అనేవారు. అసలు పేరు లేకపోలేదు గానీ, పద్నాలుగేళ్ళలో అక్కడ దాన్ని పలికినవాళ్ళు లేరు. కూర్చునేది లోపలి గదిలో, చేసేది లోపలి పని. గిటార్లు పెట్టుకునే గట్టి పెట్టెల్లో మెత్తటి మఖమల్ గుడ్డ ఉంటుంది చూడండి, అది ఊడిపోతే మళ్ళీ అంటించడం, దాని కింద స్పాంజి పొడిపొడిగా రాలిపోతే కొత్తది కోసి వెయ్యడం, అంచులు లోపలికి దోపి సరిచెయ్యడం ఆమె పని. పెట్టెలు వెనక తలుపులోంచి వచ్చేవి, వెనక తలుపులోంచే పోయేవి. కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడే అవసరం ఆమెకు ఎన్నడూ పడలేదు.

ఈ పని ఆమెకు పిన్ని నేర్పింది. పెళ్ళికి ముందు ఇద్దరూ సూట్‌కేసుల కార్ఖానాలో ఒకే బల్ల దగ్గర పనిచేసేవారు. గుడ్డలో సన్నటి ముడత కనిపించినా పిన్ని దాన్ని చర్రున లాగేసి "మళ్ళీ" అనేది. తిట్టేది కాదు, విసుక్కునేది కాదు, ఆ ఒక్క మాటే. అలా వెయ్యిసార్లు విన్నాక ఆమె చేతి కింద గుడ్డకు ముడత పడటం మానేసింది. ఆమె మాత్రం నోట్లో నాలుక లేనట్టుండేది. చెప్పిన పని చెయ్యడం, సాయంత్రం ఇంటికి పోవడం, అంతే.

దుకాణం పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ అది చెల్లింది. పని బాగుంటే పెట్టె మూత మీద రెండుసార్లు తట్టేవాడు. అదే ఆయన మెచ్చుకోలు. మోకాళ్ళు సహకరించక ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక కొడుకు వచ్చాడు. చిన్నాయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. వస్తూనే అద్దాల బీరువాలు, కొత్త దీపాలు పెట్టించాడు. కొత్త పెట్టెలు కప్పు దాకా పేర్పించాడు. ఒక ఉదయం లోపలి గదికొచ్చి, ఇకమీదట మరమ్మతులు ఉండవనీ, ఎవరు తెచ్చినా బాగవదని తానే చెప్పి పంపిస్తాననీ, ఆమె ఇక కొత్త సరుకులో దారిలో ఊడినవి మాత్రం అంటిస్తే చాలనీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె తలూపింది.

తలూపడం తేలికే అయింది గానీ, తర్వాత రోజులు తేలికగా గడవలేదు. గది గుమ్మానికి వేసిన తెరకు ఇవతల కూర్చుంటే అవతలి మాట ప్రతిదీ వినపడేది. "ఇది ఇంక బాగవదండి" అని చిన్నాయన అంటుంటే, తెర సందులోంచి ఆ పెట్టె కనిపించేది. పూటలో అయ్యే పని. తెచ్చినవాళ్ళు మొహం వేలాడేసుకుని కొత్తది కొనుక్కుని, పాతది అక్కడే వదిలేసి పోయేవారు. అబద్ధం ఆడుతున్నది ఆయనే. కానీ అది తన చెయ్యి మీద ఆడుతున్న అబద్ధంలా ఆమెకు తోచేది. ఇంటికెళ్ళాక అన్నం సయించేది కాదు.

రెండు నెలలు అలా గడిచాక డ్రైవరు వచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడు, తలుపులో పట్టనంత మనిషి, మాట మాత్రం పక్కవాడికి కూడా సరిగ్గా వినపడదు. ఆయన గిటారు కూడా ఆయనలాగే మామూలు కొలతకు రెండింతలు బొద్దుగా ఉంటుంది. డ్యూటీ దిగాక డిపో వెనక బెంచీ మీద కూర్చుని వాయించుకుంటాడట. పెట్టె మూత లోపలి గుడ్డ సగానికి సగం ఊడి, కడుపులా కిందికి జారింది. మూసినప్పుడల్లా తీగలు బిగించే మరలకు చుట్టుకుంటోంది. ఆ ముందురోజు విసురుగా తెరిస్తే ఒక మర కాస్తా వంగిపోయింది.

చిన్నాయన చూడకుండానే బాగవదన్నాడు. కొత్త పెట్టె దింపించి గిటారు పెట్టి చూశారు, పట్టలేదు. ఇంకోటి దింపించారు, అదీ పట్టలేదు. నాలుగోది కూడా మూతపడకపోయేసరికి చిన్నాయన నవ్వుతూ, పోనీ గిటారే మార్చేయండి సార్, మంచి మోడళ్ళు వచ్చాయన్నాడు. డ్రైవరు ఊడిన గుడ్డను అరచేత్తో పైకి నొక్కి పట్టుకుని, చెయ్యి తీస్తే మళ్ళీ జారుతుంటే, మళ్ళీ నొక్కుతూ నిలబడ్డాడు.

తెర కదిలింది. పనిబట్టల్లో, వేళ్ళకు ఎండిన బంకతో లోపలక్క కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది. గుడ్డ అంచు ఎత్తి, లోపల చెక్కను వేలితో రాసి చూసింది.

"ఇది బాగవుతుందండి," అంది డ్రైవరుతో. "చెక్క గట్టిగానే ఉంది. బంక ఒక్కటే చచ్చిపోయింది."

దుకాణంలో మరో ఇద్దరు కొనేవాళ్ళున్నారు, వాళ్ళూ ఇటు తిరిగారు. చిన్నాయన మొహం మీద నవ్వు అలాగే ఉంది. "అక్కా, నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు.

"వెళ్తాను బాబూ. ఈయనకు నిజం చెప్పి వెళ్తాను."

కొనేవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, ఆయన తలుపు దగ్గరగా వేసి, చాలా మర్యాదగా, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. ఆమె లోపలికెళ్ళి తన కత్తెర, మొద్దు కత్తి, గీకుడు రేకు, గుడ్డను మూలల్లోకి దోపే వెదురు పుల్ల సంచిలో వేసుకుంది. ఈసారి వెనక తలుపు వైపు చూడలేదు. ముందునుంచే దిగింది. మెట్ల కింద డ్రైవరు, గిటారును పసిపిల్లలా ఒక చంకలో, పెట్టెను ఇంకో చంకలో పెట్టుకుని, ఆమె చేతిలో సంచి చూసి, తన వల్ల ఉద్యోగం పోయిందని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె పెట్టె అడిగి తీసుకుంది. వారం ఆగి రమ్మని ఇల్లెక్కడో చెప్పింది.

ఇంట్లో గొడవైంది. మొగుడు అద్దాలు కోసే పనివాడు, ప్రతి అడుగూ కొలుచుకుని వేసే మనిషి. పద్నాలుగేళ్ళు నోరెత్తనిదానివి, ఇవాళే ఎత్తాలా అన్నాడు. రేపు పొద్దున్నే వెళ్ళి చిన్నాయన్ను క్షమించమని అడుగు, నేనూ వస్తానన్నాడు. ఆమె వెళ్ళనంది. అంత కచ్చితంగా మొగుడికి కాదని చెప్పడం అదే మొదలు. ఆయన తల్లి వైపు తిరిగాడు, నువ్వన్నా చెప్పమ్మా అని.

అత్తగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. చెవులు సగం పనిచేస్తాయి, అదీ ఆవిడకు ఇష్టమైనప్పుడు. కోడలిని ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. మంచం మీంచి లేవకుండానే అంది.

"ఏం చెప్పమంటావురా? నోరు మూసుకుని బతకడం ఎలాగో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. అందులో ఏమీ లేదు. పిల్ల చెయ్యనీ." అని, కొడుకు ఇంకేదో అనబోతుంటే గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఎంత పిలిచినా ఆవిడకు వినపడలేదు.

మర్నాడు ఆమె పెట్టెను కిటికీ పక్క బల్ల మీద పెట్టి పని మొదలుపెట్టింది. కోపంగా మొదలుపెట్టింది. వారం గడువున్నా, రేపే డ్రైవరుకి కబురంపి, ఆయన దాన్ని దుకాణం ముందునుంచి మోసుకెళ్తుంటే చిన్నాయన చూడాలని. పాత బంకను పూర్తిగా గీకకుండానే, చెక్కపనివాళ్ళు వాడే తెల్ల జిగురు పూసి, గుడ్డను లాగి అంటించి, మధ్యాహ్నానికి ముగించింది. పొద్దున లేచి మూత ఎత్తితే, నడిమధ్యలో బుడగలా ఉబ్బి గుడ్డ మళ్ళీ వేలాడుతోంది. ఒక మూలన జిగురు పైకి ఊరి, మఖమల్ నూగు గట్టి అట్టలా బిగుసుకుపోయింది.

మొగుడు చూశాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నిట్టూర్చాడంతే. ఆయన వెళ్ళాక చాలాసేపు పెట్టె ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి ఇంత పాడుపని చేసిందంటే, చెయ్యి చేసింది కాదు. ఆమె నిన్నంతా పెట్టెను చూడలేదు, మనసులో చిన్నాయన మొహాన్నే చూస్తూ పనిచేసింది. గుడ్డ అంచు పట్టుకుని చర్రున లాగేసింది. నోటివెంట "మళ్ళీ" అని వచ్చింది.

ఈసారి తొందరపడలేదు. గుడ్డను ఊడినంత మేరా విప్పింది. పాత బంక గట్టిగా పట్టి ఉన్నచోట ఆగిపోయింది, పట్టి ఉన్నదాన్ని కదపకూడదు. తడిగుడ్డతో నానబెట్టి, చెక్క మీది తెల్ల జిగురంతా గీకింది. దాని కింద పాత బంక గోధుమరంగు పొడిలా రాలింది, దాన్నీ గీకి, గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచింది. స్పాంజి ముట్టుకుంటే నలిగిపోతోంది, తీసిపారేసి కాగితం మీద ఆకారం గీసుకుని కొత్తది కోసింది. బిగుసుకుపోయిన మూలను గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి, పళ్ళు తోముకునే మెత్త బ్రష్షుతో నూగు లేచేదాకా దువ్వింది. అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, నాకు కూడా నీ పెళ్ళైన కొత్తలో ఇంత శ్రద్ధగా తల దువ్వి ఉంటే బాగుండేదంది. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అరుదు.

మూడో రోజు తోలుపనివాళ్ళ బంక తెచ్చింది. చెక్కకీ గుడ్డ వెనక్కీ పల్చగా పూసి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగింది. ఆ ఆగడంలోనే ఉంది పనంతా. తడిగా ఉండగా అంటిస్తే బంక నూగులోకి ఊరుతుంది, మరీ ఆరితే పట్టదు. తర్వాత మధ్యలో మొదలుపెట్టి, గరిటె వెనకవైపుతో అంచులకు నొక్కుకుంటూ పోయింది. ఒంపుల్లో గుడ్డను లాగలేదు, దానంతట అది కూర్చునేలా బుజ్జగించింది. అంచుల్ని వెదురు పుల్లతో సందులోకి దోపి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టింది. ఇంట్లోవి చాలక పక్కింటి దండెం మీదివి కూడా అడిగి తెచ్చింది. మూత మాత్రం వెయ్యలేదు. బంక ఆవిరి లోపల చిక్కితే గిటారు మెరుగు పాడవుతుంది. మూడు రోజులు కిటికీ దగ్గర తెరిచే ఉంచింది.

వారానికి డ్రైవరు వచ్చాడు. గిటారు పెట్టి, మూత వేసి, తీసి, మళ్ళీ వేసి, అలా నాలుగైదు సార్లు చేశాడు. తర్వాత మూతలో అరచెయ్యి ఆనించి నొక్కబోయి, నొక్కాల్సిన అవసరం లేదని గుర్తొచ్చి చెయ్యి తీసేసుకున్నాడు.

"నేను మాట్లాడేది తక్కువండి," అన్నాడు. "కానీ దీని గురించి డిపోలో అందరికీ చెప్తాను."

చెప్పాడు. ముందు ఒక కండక్టరు తన కూతురి వయొలిన్ పెట్టె తెచ్చింది. తర్వాత బడిలో సంగీతం చెప్పే టీచరమ్మ ఒకేసారి మూడు తెచ్చింది. ఇంట్లో మనుషులు అటూ ఇటూ తిరగడానికి చోటు లేకపోయింది. దాంతో ఆమె వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన్ను అడిగి, ఆయన కొట్టు వసారాలో సగం తీసుకుంది. బంక వాసన ఆయనకు కొత్త కాదు. మొగుడు అడగకుండానే ఒక అద్దం ముక్క కోసి, దాని మీద తెల్ల అక్షరాలతో "పెట్టెల లోపలి గుడ్డ బాగుచేయబడును" అని రాసి తెచ్చాడు. మేకు తానే కొట్టి, వంకరగా ఉందేమోనని నాలుగుసార్లు దూరం జరిగి చూశాడు. క్షమాపణ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మూడు నెలలయ్యాక చిన్నాయన ఆ వసారా ముందు కారు ఆపాడు. కుర్చీ లేకపోతే ముసలాయన వేసిన పీట మీద కూర్చున్నాడు. మాట మర్యాద ఏమీ తగ్గలేదు. జనం వచ్చి లోపలక్క ఉందా అని అడుగుతున్నారనీ, జరిగిందేదో జరిగిందనీ, తిరిగొచ్చి తన గదిలో తన పని చేసుకోమనీ, మరమ్మతులు కూడా కొన్ని తీసుకుందామనీ అన్నాడు. కౌంటరు సంగతి మాత్రం తనకు వదిలెయ్యమన్నాడు.

ఆమె పని ఆపకుండానే విన్నది.

"వస్తాను బాబూ. నా బల్ల ముందు గదిలో వెయ్యాలి. పెట్టె తెచ్చినవాళ్ళతో నేనే మాట్లాడాలి. బాగయ్యేదీ కానిదీ నేనే చెప్పాలి."

"అది కుదరదక్కా. దుకాణం అన్నాక ఒక పద్ధతి ఉంటుంది."

"అయితే నాకూ కుదరదు."

కుండబద్దలు కొట్టినట్టు అంది గానీ గొంతులో కోపం లేదు. ఆయన ఇంకాసేపు కూర్చున్నాడు, నాన్నగారు అడుగుతుంటారన్నాడు. ఆయన్ను అడిగానని చెప్పమని, కాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కుని, ఆమె మళ్ళీ వంగి గీకుడు రేకు అందుకుంది. కారు వెళ్ళేదాకా తలెత్తలేదు.

ఆ వారంలోనే ఒకాయన పెద్ద పెట్టె తెచ్చాడు. వానలో నానిందట, అడుగు చెక్క పొరలు పొరలుగా లేచిపోయింది. గుడ్డ ఎత్తి వేలితో నొక్కితే వేలు దిగబడింది. ఆమె ఆ మాట చెప్పింది, ఇది బాగవదు, గుడ్డ అంటించినా కింద పట్టుకునేది లేదు, కొత్తది కొనుక్కోండని. ఆయన నమ్మలేదు, మీరు ఏదైనా బాగుచేస్తారని ఎవరో చెబితేనే ఇంత దూరం వచ్చానన్నాడు, దబాయించాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, వేలు ఆ చెక్క మీద పెట్టించి, నొక్కమంది. తర్వాత చిన్నాయన దుకాణానికి దారి చెప్పింది. కొలత చూసుకుని తీసుకోమని, మూత లోపలి మూలల్లో గుడ్డ సరిగా పట్టిందో లేదో వేలితో తడిమి చూడమని, పట్టకపోతే అక్కడే చెప్పి మార్పించుకోమని మరీ మరీ చెప్పి పంపింది.