పట్టికలో లేని గుమ్మడిపువ్వు

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు డాబా మీద నీలం డ్రమ్ము ఒకటి సగానికి కోయించి, మట్టి నింపించి, చేతిలో ఫోను పట్టుకుని నా కుర్చీ దగ్గరకు వచ్చింది. ఫోనులో గుమ్మడి విత్తనాల బొమ్మలు ఉన్నాయి. వేలితో పైకి తోసినకొద్దీ గుండ్రనివి, పొడుగువి, చారలవి, బుడిపెలవి వస్తూనే ఉన్నాయి. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల కనుక దాని మాటలో మూడు భాషలు కలిసి ఉంటాయి. "మామయ్యా, వీట్ల ఏది అచ్ఛా ఉంటదో జర చూసి చెప్పుండ్రి, ఆర్డర్ పెట్టేస్త" అంది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చివరికి నాకు తెలియదమ్మా అన్నాను. పరాచికం ఆడుతున్నాననుకుని నవ్వి వెళ్లిపోయింది. గుమ్మడి రకం ఎంచే పని నేను జన్మలో ఒక్కసారే చేశాను. ఆ అలసట ఇంకా తీరలేదని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?

ఊరు విడిచి సూరత్ వచ్చిన నా ఈడు వాళ్లకైతే ఆ రోజులు విడమరిచి చెప్పనక్కర్లేదు. సలాబత్‌పురా సందులో మరమగ్గాల ముందు పన్నెండేసి గంటలు నిలబడి, చెవుల్లో ఆ చప్పుడు మోసుకుంటూ గదికి వచ్చి పడుకుంటే నిద్రలో కూడా మగ్గం ఆడుతూనే ఉండేది. బడి ఏడో తరగతితోనే ఆగిపోయింది గాని చదువు ఆగలేదని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. గుజరాతీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. సెలవు రోజున తోటివాళ్లు పేకాటకు కూర్చుంటే నేను గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చుని, దొరికిన పుస్తకమల్లా, తేనెటీగల గురించైనా సరే, మూత్రపిండాల గురించైనా సరే, వేలు పెట్టి ఒక్కో పదమే కూడబలుక్కుంటూ చదివేవాణ్ని. అట్లా చదివినవాడికి చదివింది ఎక్కడో ఒకచోట వాడి చూపాలని ఉంటుంది. నాకూ ఉండేది.

గుమ్మడి రకం ఎంచిన ఆ ఏడు నేనూ మా ఆవిడా తాపీ నది దాటి అమ్రోలిలో గది తీసుకున్నాం. అప్పట్లో అక్కడ ఎటు చూసినా పొలాలే. గది వెనక ఒక పొడుగాటి ఖాళీ జాగా ఉండేది. దాని యజమాని ఒక ముసలి గుజరాతీ రైతు, అందరూ ఆయన్ని కాకా అనేవారు. కూరగాయలేవైనా పెట్టుకొమ్మని మాకు ఆ జాగా ఇచ్చాడు. కొలిచి చూస్తే సరిగ్గా నాలుగు గుమ్మడి గుంతలు పడతాయి.

ఆ ఎండాకాలంలోనే మా అత్తమ్మ పోయింది. కర్మలయ్యాక మా ఆవిడ పుట్టింటి అటక మీద మిగిలిన ఒక గుమ్మడికాయ కోసి, గింజలకు బూడిద పట్టించి ఆరబెట్టి, చిన్న గుడ్డలో ముడి వేసి తెచ్చుకుంది. మా వైపు ఆడపిల్లను బతుకమ్మ పండక్కి పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. తల్లి పోయిన ఇంట ఆ ఏడు పండుగ ఉండదు కనుక ఆమెను తీసుకుపోవడానికి తోడబుట్టినవాడు కూడా రాడు. పేర్చిన బతుకమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు పెట్టి, దాని నడుమ దిమ్మెను గౌరమ్మగా కొలవడం మనకు తెలిసిందే. ఆ పువ్వు పూసిన పూటే వాడిపోతుంది కనుక బజారులో అమ్మరు, ఊరి నుంచి రైల్లో తేవడమూ కుదరదు. తల్లి గింజకు పూసిన పువ్వు గౌరమ్మగా పెట్టుకుంటే ఆ పండుగ పుట్టింట్లో చేసుకున్నట్టే ఉంటుందని ఆమె ఆశ. ఆ మాట నాకు స్పష్టంగానే చెప్పింది. నేను వినలేదని ఇప్పుడు బొంకలేను.

నేను మాత్రం గ్రంథాలయం నుంచి వ్యవసాయం పుస్తకం ఒకటి తెచ్చి, నోటుబుక్కులో పట్టిక గీశాను. ఎన్ని రోజులకు కాపు, తీగకు ఎన్ని కాయలు, కాయ బరువెంత, తెగుళ్లకు ఆగుతుందా లేదా. పోటీలో మూడు రకాలు నిలిచాయి: అత్తమ్మ గింజ, కాకా ఇచ్చిన పొడుగు గుమ్మడి, దుకాణంలో పొట్లం కట్టి అమ్మే పొట్టి తీగ రకం. అత్తమ్మ గింజ వివరాల కోసం మా ఆవిడను కూర్చోబెట్టి, పరీక్ష పెట్టే పంతులులా అడిగాను. ఎన్ని రోజులకు కాస్తుందంటే "కాసినప్పుడు కాస్తది" అంది. తీగకు ఎన్ని కాయలంటే "ఒకటో రెండో. తీగ మాత్రం గూనపెంకలెక్కి అవతలికి దిగుతది. పూలైతే తట్టలకు తట్టలు" అంది. నా పట్టికలో పువ్వుకు గడి లేదు. అత్తమ్మ గింజకు అన్నింటికంటే తక్కువ మార్కులు వచ్చాయి, పొట్లం రకం గెలిచింది.

కాకా ఆ నోటుబుక్కు తిరగేసి, "అరే చోపడీవాలే భాయ్, సబ్ థోడా థోడా లగావో" అన్నాడు. అన్నీ తలా కొంచెం పెట్టమని ఆయన సలహా. చోపడీ అంటే గుజరాతీలో పుస్తకం. ఆ రోజు నుంచి ఆ వాడలో నా పేరు అదే అయింది. పక్కపక్కన పెడితే తేనెటీగలు రకాలను కలిపేస్తాయని, ఒకచోట ఒకే రకం పెట్టాలని పుస్తకం చెబుతోందని ఆయనకు పాఠం చెప్పాను. మా ఆవిడ చివరికి ఒక్క మాటే అడిగింది: "నాలుగు గుంతలున్నయ్ గద, ఒక్క గుంత నాకియ్యి." ఇవ్వలేదు. వచ్చే ఏడు పెడదాం లెమ్మన్నాను.

నిజం చెప్పాలంటే నా లెక్క తప్పలేదు. వానలు తగ్గేసరికి బిందెల్లాంటి కాయలు ఎనిమిది నేల మీద కూర్చున్నాయి. మగ్గం నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చి కూడా, వాటిని ఒకసారి తట్టి చూడనిదే నేను గదిలోకి వెళ్లేవాణ్ని కాదు. కాపు అయిపోయిన పొట్టి తీగ పసుపు బారి, పూయడం మానేసిందని మాత్రం గమనించలేదు. సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారుతూనే మా ఆవిడ తట్ట పట్టుకుని వెళ్లింది. నాలుగు గుంతలకూ కలిపి రెండే పూలు, రెండింటికీ అడుగున పిందెలున్నాయి. రెండు కాయలు పోతే పోయె, తెంపుకొమ్మన్నాను. ఆమె నా వైపు చూసి, "కడుపుతోటున్నదాన్ని తెంపుమంటవా?" అంది. పిందె ఉన్న పువ్వును వాళ్ల ఇంట ఎవరూ తెంపరట.

నాతో పనిచేసే అన్న భార్య, మా పక్కగది వదిన, నోరు కట్టుకునే మనిషి కాదు. "ఏం మర్దీ, ఎనిమిది కాయలు పండిస్తివి, ఒక్క పువ్వు పూయించకపోతివా? గౌరమ్మకు బదులు కాయనే ఎత్తుదమా నెత్తిన?" అంటే ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ నవ్వులు విని కాకా భార్య కంచె దగ్గరకు వచ్చి సంగతి కనుక్కుంది. లోపలికి వెళ్లి, తమ తీగకు పూసిన, పిందె పట్టని పోతుపూలు నాలుగు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. "లే బేటా, మాతాజీ తో ఏక్ జ ఛే" అంది, అమ్మవారు ఎక్కడైనా ఒక్కతేనని. సాయంత్రం మా వాళ్లతో కలిసి ఆమె కూడా తమ గర్బా ఆట అడుగులతోనే బతుకమ్మ చుట్టూ తిరిగింది. మా ఆవిడ అందరితో పాటు చప్పట్లు కొట్టింది, పాడింది. ఆడపడుచును తీసుకుపోవడానికి అన్న వచ్చే పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం ఆమె పెదవులు కదలలేదు. నేను మగవాళ్ల మధ్య నిలబడి అది చూశాను. మర్నాడు మా ఆవిడ ఆ కాయలు వండి వాడంతా పంచింది. తియ్యగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు.

వచ్చే ఏడన్న మాట ప్రకారం మరుసటి ఏడు, దాచిన డబ్బాలోంచి అత్తమ్మ గింజల ముడి తీశాను. సూరత్ వానాకాలపు చెమ్మకు గింజలు బూజు పట్టి ఉన్నాయి. నాలుగు గుంతల్లోనూ అవే పెట్టాను, రోజూ రెండు పూటలా చూశాను. ఒక్కటీ మొలవలేదు. విత్తనం దాచే పద్ధతి ఆ పుస్తకంలో ఆఖరి అధ్యాయమట. నేను అంతదాకా చదవకుండానే తిరిగి ఇచ్చేశాను. బావమరిదికి ఉత్తరం రాస్తే, ఇప్పుడు ఇక్కడా దుకాణం విత్తనాలేనని జవాబు వచ్చింది. మా ఆవిడ తిట్టలేదు. "పోనియ్యి" అంది. దాని కంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఏ గ్రంథాలయానికి పోయినా ఆ రకం కోసం వెతికాను. ఏ పేరుతో వెతకాలో తెలిస్తే కదా. మా ఆవిడ దాన్ని "మా అమ్మోళ్ల గుమ్మడి" అనేది, అంతకు మించి దానికి పేరు లేదు. ఇప్పుడు కాకా పొలం లేదు, అక్కడ అన్నీ అంతస్తుల ఇళ్లే, వాటిలో ఒకదాంట్లోనే మేమూ ఉంటున్నాం. బతుకమ్మ పాటలు స్పీకరే పాడుతుంది, మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తుంది. నా కళ్లకు చిన్న అక్షరాలు ఆనడం మానేశాయి. లోకంలో గుమ్మడి రకాలకు కొదవ లేదు, అడగడమే ఆలస్యం, ఇంటికే వస్తాయి. పోయిన రకం సంగతి చెప్పగల మనిషి నాకు తెలిసి మా ఆవిడ ఒక్కతే మిగిలింది. అందుకే కిందటేడు సిగ్గు విడిచి అడిగాను, ఆ కాయ లోపల ఏ రంగు ఉండేది, రుచి ఎట్లా ఉండేది అని. చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

"యాదికొస్తలేదయ్యా" అంది. "పెద్దగుండేది, గంతే."