ఇనుప గూటం తాగిన నీళ్ళు

నంద్యాల స్టేషన్లో మధ్యాహ్నం రెండింటికి దిగాం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. వైశాఖ మాసం. ప్లాట్‌ఫారం మీద అడుగు పెడితే బూటులోకి సెగ కొట్టింది. నాలుగు ఫిరంగులు, ఆరు లారీలు, ఎనభైమంది మనుషులం. నా వంతు సామాను ఒక ఫీల్డ్ టెలిఫోను, తీగ చుట్టిన డ్రమ్ములు రెండు, రెండడుగుల ఇనుప గూటం, సుత్తి, నీళ్ళ సీసా. ఆళ్ళగడ్డ దాటి తూర్పున నల్లమల కిందికి పోవాలని ఉత్తర్వు. అక్కడొక గుట్టను గురిగా పెట్టుకుని పదిరోజులు ఫిరంగి సాధన చేయాలి.

నాది కోయిలకుంట్ల పక్క పల్లె. సైన్యంలో చేరాక సొంత సీమకు డ్యూటీ మీద వచ్చింది అదొక్కసారే. లారీలో తోటివాళ్ళు "మీ అత్తగారింటికి పోతున్నాం" అని ఆటపట్టించారు. నేనూ నవ్వాను. గుట్ట దగ్గరి ఊరివాళ్ళు మజ్జిగిచ్చి కూర్చోబెడతారని అనుకున్నాను. లారీలు ఆగేసరికి తలుపులన్నీ మూసి ఉన్నాయి. బావి గిలకకున్న తాడు ఎవరో విప్పుకుపోయారు.

వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. ఆ గుట్ట వాళ్ళ పశువులు మేసే చోటు. పదిరోజులు అటు పోగూడదని దండోరా వేయించారు. పైగా రెండేళ్ళుగా వానల్లేవు. ఆడవాళ్ళు వాగులో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి కడవ నింపుకునేవాళ్ళు. ఒక కడవకు సగం పూట పట్టేది.

నన్ను ఊరికీ గుట్టకీ మధ్య, పొలంలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఎవరైనా గుట్టకేసి పోతే ఫిరంగుల దగ్గరున్న హవల్దారుకు ఫోన్లో చెప్పాలి. నా దగ్గర్నుంచి ఫోను రాకపోతే అంతా బాగుందని వాళ్ళ లెక్క. ఆ లెక్క నాకు అప్పుడే నచ్చలేదు. సిపాయిని, నన్నెవరడుగుతారు?

మీకు ఆ ఫోను సంగతి కొంచెం చెప్పాలి. కరెంటుకు పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి కావాలి. అంటే రెండు తీగలు. మాకిచ్చిన తీగ ఒక వరసకే సరిపోయింది. రెండో దారిగా భూమినే వాడుకోమన్నారు. ఫోనుకు ఒక పక్క తీగ, ఇంకో పక్క ఇనుప గూటం. గూటాన్ని నేలలో దిగ్గొడితే కరెంటు మట్టిలోంచి తిరిగొస్తుంది, మట్టి తడిగా ఉంటేనే. అక్కడిది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. గూటానికి గాలి తప్ప మట్టి తగలదు. అందుకని గూటం మొదట్లో ఉప్పు వేసి, పూటకొక క్యాను నీళ్ళు పోసేవాణ్ణి. ఆ నీళ్ళు కుందూ నది నుంచి లారీలో వచ్చేవి.

రెండో రోజు పొద్దున పోస్తుంటే సుబ్బారెడ్డి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఆ పొలం ఆయనదే. ఊళ్ళో ఆయన మాటే మాట.

"ఏమప్పా, ఏం చేస్తాండావ్?"

"ఫోనుకు తడి కావాల పెద్దాయనా."

"మా ఆడోళ్ళు చెలమకాడ పడిగాపులు పడతాండారు. నువ్వు ఇనప గూటానికి నీళ్ళు తాపుతాండావా?"

"ఆర్డరు పెద్దాయనా."

"యా ఊరు నీది?"

చెప్పాను.

"కోయిలకుంట్ల పక్కోనివేనా! యాడోడో అయితే తెలీక చేస్తాండాడనుకుందును. నీకు సిగ్గు ల్యా?"

నా ముందే ఉమ్మేసి పోయాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మాటలో అబద్ధం లేదని ఇంకా మండింది. ఆ రాత్రి ఎవరో నా క్యాను అడుగున మేకు దించారు. తెల్లారేసరికి చుక్క లేదు. నీళ్ళ లారీ మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు. ఫిరంగులు పేలేది ఆ రోజు నుంచే.

ఫోను చేతిపిడి తిప్పాను. లోపల అయస్కాంతాల మధ్య తీగచుట్ట తిరిగి కరెంటు పుడుతుంది, అవతల గంట మోగుతుంది. హవల్దారు ఎత్తాడు. చిత్తూరు వైపు మనిషి.

"గొంతు సన్నంగా వస్తా ఉంది. నీళ్ళు పోసినావా?"

"క్యానుకు చిల్లు పెట్టినారు సాబ్."

"సీసాలోవి పొయ్యి. అవీ అయిపోతే ఒంటేలు పొయ్యి. నీకు నేర్పీల్నా?"

రెండు పనులూ చేశాను. పదకొండింటికి పేల్చడం మొదలైంది. పన్నెండున్నరకు నేల మళ్ళీ ఎండిపోయింది, నా ఒళ్ళూ ఎండిపోయింది.

అప్పుడే వాగు వైపు నుంచి ఒకామె కడవ నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. లక్షుమ్మ. అంతకు ముందు రోజు సుబ్బారెడ్డి మాటలకు చెలమ దగ్గర్నుంచి వంత పాడినామె.

"అన్నా, ఆపమని చెప్పన్నా! మా ఆయప్ప ఆ పక్కకు పోయినాడంట. చెలమకాడోళ్ళు చూసినారంట."

"ఎప్పుడు?"

"కోడిజామున. ఎద్దు తాడు తెంపుకోని పోతే ఎదుక్కుంటా పోయినాడంట, వాగు దావన."

"దండోరా ఇనలేదా?"

"ఆయప్ప ఇన్న్యాడు. ఎద్దు ఇంటాదా? ఏరువాకకు మాకుండేదే రెండెద్దులు!"

పిడి తిప్పాను. లైను బాగుంటే పిడి బరువుగా తిరుగుతుంది. అప్పుడు తిప్పుతుంటే ఖాళీగా గిర్రున తిరిగింది. అవతల గంట మోగడం లేదని చేతికే తెలిసిపోయింది. లేచి ఎర్రజెండా ఊపాను. నాకూ ఫిరంగులకూ మధ్య మిట్ట. వెలుతురు మిట్టను చుట్టుకుని పోదు, జెండా వాళ్ళకు కనపడదు. పరిగెత్తుదామంటే రెండున్నర మైళ్ళు. ఆ లోపల ఇంకో రెండు గుండ్లు పోయాయి.

కడవ వైపు చూశాను.

"అక్కా, ఆ నీళ్ళు గూటం మీద పొయ్యి."

"దీనికా?"

"తడి తగిల్తేనే మాట పోయేది. బేగా పొయ్యక్కా!"

ఆమె కడవ దించి మొత్తం వంచేసింది. నెర్రె గుటగుటమని మింగింది. నేను బూటుతో బురద తొక్కి, సుత్తితో గూటాన్ని ఇంకో జానెడు దించి పిడి తిప్పాను. బరువు తగిలింది.

"సాబ్! ఆపండి! గుట్టలో మనిషి ఉన్నాడు!"

హవల్దారు ఫోను పక్కకు పెట్టి అరవడం వినపడింది. "ఆపండ్రా! ఆపండి!" మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "ఒకటి పోయిందిరా."

ఆ ఒక్కటీ మా నెత్తి మీదుగానే గాలిని చీల్చుకుంటూ పోయింది.

సాయంత్రం లక్షుమ్మ మొగుణ్ణి నులకమంచం మీద మోసుకొచ్చారు. ప్రాణం లేదు. ఎద్దు ఒంటి మీద గీత కూడా పడలేదు. దాని పాటికి అదే ఇంటికొచ్చింది. సుబ్బారెడ్డి మా లారీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మర్నాడు గుడారాలు పీకేశాం. ఆళ్ళగడ్డ చేరేదాకా దారిపొడుగునా రాళ్ళు పడ్డాయి. మాలో ఎవరూ తిరగబడలేదు. నా క్యానుకు మేకు దించినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్క తీగతో సరిపెట్టుకోమన్నవాళ్ళ మీద అంతకు రెట్టింపు కోపం.

నంద్యాలలో రైలెక్కే ముందు హవల్దారు నాకు మూడు రోజులు సెలవు ఇప్పించాడు. ఇంటికి పోయాను. "ఆళ్ళగడ్డ కాడ ఏందో అయ్యిందంటనే?" అన్నాడు మా నాయన. నేను అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి పోయాను.

ఇప్పుడు మనవళ్ళు మెరుపు చూసి, ఉరుము వచ్చేదాకా అంకెలు లెక్కపెడతారు. అది వాళ్ళకు ఆట. నేను లేచి లోపలికి పోతాను. వెలుతురు రెప్పపాటులో కంటికి చేరుతుంది. శబ్దం గాలిలో నడిచి రావాలి, మైలుకు అయిదు సెకన్లు. గుట్ట మాకు రెండు మైళ్ళ దూరం, అంటే పది సెకన్లు.

ఆ చివరి గుండుకు పొగ లేచింది. మోత రాలేదు. లక్షుమ్మకు ఆ రోజు గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడిందో, ముందరి గుండ్ల సంగతి ఏం గుర్తుందో నాకు తెలియదు. ఖాళీ కడవ చంకన పెట్టుకుని నా వైపు తిరిగింది. ముఖం విప్పారింది.

"తుస్సుమనింది గదన్నా? పేలింటే ఇనపడేది గదా?" అంది.

మోత దారిలో ఉందని నాకు తెలుసు. ఆమె నవ్వుతూనే ఉంది.