చక్రాల బండకు పసుపు

పసుపు పూసిన రాయి కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. నల్గొండలో ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి మరి. అందుకే మొన్న ఎండాకాలం కొల్లాపూర్ పోతూ చక్రాల బండ చూద్దామని ఆగినప్పుడు, సాలమ్మ దగ్గర నా పరువు పోయింది.

రోడ్డు పక్కన మేకలు కాస్తున్న సాలమ్మను దారి అడిగాను. అరవై దాటి ఉంటాయి. చెప్తే తప్పిపోతావంటూ తానే ముందు నడిచింది. నీడలేని గుట్ట. తంగేడు పొదలు, పరికి కంప, కాలు పెడితే జారే గులకరాళ్లు. నేను రెండుచోట్ల కూలబడ్డాను. ఆమె రబ్బరు చెప్పులతో మేకలకంటే ముందు ఎక్కేసింది.

పైన బండంతా గుండ్రటి చారలు, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు ఒకదానిలో ఒకటి. ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, చేపలైనా పుట్టకముందు, కంటికి కనబడని జీవులు పొర మీద పొర పేర్చిపోయిన గుర్తులవి. పుస్తకంలో బొమ్మ చూపించడమే గాని చేత్తో తాకింది అదే మొదలు. కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు!

కానీ చారల నిండా పసుపు, నడుమ కుంకుమ. ఫొటో బాగా రాదని, సాలమ్మ మేకల వెనక పోయినప్పుడు, సీసాలోని నీళ్లు పోసి రుమాలుతో రుద్ది రుద్ది కడిగేశాను. ఆమె వచ్చాక, రాళ్లకు మొక్కడమేమిటని పాఠం కూడా మొదలుపెట్టాను. ఆమె బండ చూసి అక్కడే కూర్చుండిపోయింది.

"గీడ దేవుడు లేడని నాకెర్కలేదా సారూ? సగం బండ నా పెనిమిటే కొట్టిండు," అంది.

ఆమె పెనిమిటి రాములు రాళ్లు కొట్టేవాడట. ఆ సగం ఎవరెవరి ఇళ్ల పునాదుల్లోనో ఉంది. ఒకరోజు కాలేజీవాళ్లు వచ్చి అదేమిటో విడమర్చి చెప్తే సమ్మెట కింద పెట్టేశాడు. తెలియక కొట్టానని చచ్చేదాకా కుమిలాడు. రాతిదుమ్ముతో రొమ్ము చెడి దవాఖానలో పడ్డప్పుడు, మిగిలిన సగం కాపాడమని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె రాళ్లు కొట్టేవాళ్లందరినీ బతిమాలింది. వింటే కదా! చివరికి ఒక మంగళవారం పసుపు పూసింది. అప్పటినుంచి దాని మీద ఎవరూ దెబ్బ వేయలేదు.

"రేపు పొద్దుగాల రాళ్లకు ట్రాక్టరొస్తాంది. ఇంట్ల పసుపు ఒడిసింది," అంది.

గుట్ట దిగి, కారేసుకుని పోయి, దారిలోని కిరాణా కొట్లో పసుపు, కుంకుమ కొన్నాను. మళ్లీ ఎక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి. పొట్లం విప్పి వంగాను.

"బూట్లిడ్సి పుయ్యి సారూ. కింద తొవ్వల పోయేటోళ్లు జూస్తరు, నమ్మాలె గద."

బూట్లు విప్పాను. బండ పెనంలా కాలుతోంది. ఒక్క చార కూడా వదలకుండా నా చేత్తోనే పూశాను.