మాస్టారు దిగిన మలుపు

ఆ ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగంమంది బ్రేకు మాస్టారి శిష్యులే. డ్రైవింగు స్కూలు పెట్టిన కొత్తలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి చేరుస్తున్నారు. నేర్చుకునేవాడు స్టీరింగు ముందు కూర్చుంటే మాస్టారు పక్క సీట్లో, తన కాళ్ళ దగ్గర ప్రత్యేకంగా బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని కూర్చునేవాడు. దారిలో పావురం వాలినా సరే, "బ్రేక్" అని కేకేసి, అవతలివాడు తొక్కేలోగా తనే తొక్కేసేవాడు. పేరు అలా వచ్చింది. అసలు పేరేమిటంటే ఇంటావిడ కూడా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే.

అన్నేళ్ళు పక్క సీట్లో కూర్చోవడం వల్ల ఆయనకో జబ్బు పట్టుకుంది. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కనుంచి చెప్పకపోతే ఊపిరాడదు. ఉల్లిపాయ తరిగేవాళ్ళకి కత్తి పట్టుకోవడం చెబుతాడు. పక్కింటాయన గొడుగు మూసుకుంటుంటే, నెమ్మదిగా, నెమ్మదిగా అంటాడు. ఒకసారి పళ్ళ డాక్టరుకి కూడా చెప్పబోయాడుగానీ, అప్పుడు నోట్లో దూది ఉండటంతో డాక్టరు బతికిపోయాడు.

అయినా మనిషి మంచివాడు, పని తెలిసినవాడు. ఆయనకో పద్ధతుంది. నేర్పడం పూర్తయిన రోజున, స్కూలుకి ముందున్న వీధి మలుపు దగ్గర "ఆపు" అంటాడు. ఇంకో మాట లేకుండా దిగి తలుపు వేసేస్తాడు. మిగతా వీధంతా శిష్యుడు ఒంటరిగా నడుపుకుంటూ వెళ్ళాలి. వెనకాలే మాస్టారు నడిచివచ్చి, చెయ్యి చాచి తాళంచెవి తీసుకుంటాడు. అంతే, డ్రైవింగు వచ్చేసినట్టు లెక్క. ఆ మలుపు దగ్గరున్న మంగలి, మాస్టారు దిగడం చూస్తే చాలు, సగం గడ్డాన్ని అలాగే వదిలేసి చూడ్డానికి బయటికొచ్చేవాడు. లైసెన్సు చేతికొచ్చిన రోజు మరిచిపోయినవాళ్ళున్నారుగానీ, మాస్టారు దిగిన రోజు మరిచిపోయినవాళ్ళు లేరు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాస్టారు రచ్చే గెలిచాడు.

ఆయన భార్య బేకరీలో పనిచేస్తుంది. కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆవిడ పని. పెళ్ళైన కొత్తలో ఆవిడకి కారు నేర్పబోయాడు. బండి పదేపదే ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. చిరాకులో మాస్టారు, "నీకు ఈ జన్మలో రాదు" అన్నాడు. ఆవిడ నడిరోడ్డు మీద దిగి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఆయన బండి నడిపితే ఆవిడ వెనక సీట్లోనే కూర్చుంటుంది. చూసేవాళ్ళు భర్తంటే ఎంత గౌరవమో అనుకునేవారు. అసలు సంగతి మాస్టారికి తెలుసు. ఊరందరి పక్కనా కూర్చున్నవాడికి సొంత భార్య పక్కన కూర్చునే యోగం లేకపోయింది. ఆ బాధ కక్కలేడు, మింగలేడు.

పాత బళ్ళు కొని అమ్మే బావమరిది దగ్గరికి ఒక క్యాంపర్ వ్యాను వచ్చింది. దాని వయసు బావమరిదికీ తెలియదు. లోపల మడత మంచం, చిన్న స్టవ్వు, చేతులు కడుక్కోవడానికి అరచేయంత సింకు ఉన్నాయి. పైకప్పు కిటికీ మూసినా తెరిచినట్టే ఉంటుంది. తలుపు కాస్త పైకెత్తి లాగితేగానీ రాదు.

"ఇదెందుకు బావా నీకు? ఇందులో పడుకోవడంకన్నా గ్యారేజీలో పడుకోవడం నయం," అన్నాడు బావమరిది.

మాస్టారు ఒకటే చూశాడు. ముందు రెండు సీట్లున్నాయి. వెనక సీటన్నది లేనే లేదు. వెంటనే తీసుకున్నాడు.

ఆవిడ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగిచూసి, "వెనక సీటు లేదని కొన్నారు కదూ?" అంది.

మాస్టారు వ్యాను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "శని, ఆదివారాలు చెరువు దగ్గర క్యాంపింగ్‌కి వెళ్ళొద్దాం. గాలి మార్పుగా ఉంటుందని..."

"వస్తాను. కానీ రెండు రోజులూ మీ నోటినుంచి ఒక్క సలహా రాకూడదు. నాకే కాదు, ఎవరికీ. వచ్చిందో, అక్కడే దిగి బస్సెక్కుతా. ఈ వ్యాను మా తమ్ముడికి తిరిగిచ్చేస్తారు. ఇంకెప్పుడూ ఎక్కడికీ రమ్మని అడగరు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. మాస్టారు దాన్ని రెండు రోజులు ఆపి చూపిస్తానని ఒప్పుకున్నాడు. బావమరిది మాత్రం ఆ వ్యానుకోసం తన షెడ్డులో చోటు ఖాళీగానే ఉంచాడు.

శనివారం పొద్దున్న, ఇన్నేళ్ళకి ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. చేతిసంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మాస్టారికి ఆనందంతో పాటు కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఎన్నో ఏళ్ళుగా పక్క సీటుకి అలవాటుపడ్డ మనిషి స్టీరింగు ముందు ఇమడలేకపోయాడు. రోడ్డు చూడాల్సిన కళ్ళు మాటిమాటికీ పక్కకి పోయేవి. ఇక వేగం సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలవాడి సైకిలు వాళ్ళని దాటి పోయింది. పోతూ పోతూ పాలవాడు, "మాస్టారూ, బండి బాగా లేదా?" అని జాలిగా అడిగాడు కూడా.

దారిపొడుగునా తన శిష్యులే. ఒకడు సిగ్నల్ ఇవ్వకుండా తిరిగాడు. ఇంకొకావిడ అద్దంలో బొట్టు దిద్దుకుంటూ పోతోంది. మాస్టారి నోరు తెరుచుకునేది. తెరుచుకున్నప్పుడల్లా భార్య చేతిసంచీ కాళ్ళ దగ్గరనుంచి తీసి ఒళ్ళో పెట్టుకునేది. నోరు మూతపడగానే సంచీ మళ్ళీ కిందికి వెళ్ళేది. చెరువు చేరేసరికి సంచీ పట్టీ సాగిపోయింది.

అక్కడికెళ్ళాక తలుపు దగ్గర మొదటి గండం వచ్చింది. ఆవిడ లాగుతోంది. అది రావడం లేదు. పైకెత్తి లాగు, అన్న రెండు ముక్కలు మాస్టారి నాలుక చివర కూర్చుని గోల చేస్తున్నాయి. ఆయన చెరువు వైపు తిరిగి కొంగల్ని చూడసాగాడు. ఆవిడ కాసేపు లాగి, విసుగొచ్చి, నడుముతో ఒక్క పోటు పొడిచింది. తలుపు వెన్నలా జారింది. ఇన్నాళ్ళూ తను అంత కష్టపడి ఎత్తి లాగింది దేనికో మాస్టారికి అర్థం కాలేదు.

సాయంత్రం ఇద్దరూ మడత కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆవిడ గుడ్లు ఉడకబెట్టింది. చెరువు మీద చల్లగాలి వస్తోంది. "బాగుంది," అంది ఆవిడ. మాస్టారు పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే పక్క చోటులోకి ఒక నీలం చొక్కా ఆసామి, కారు వెనక ట్రైలర్‌లాంటి సామాను తొట్టి తగిలించుకుని వచ్చాడు. వచ్చి, దాన్ని వెనక్కి తియ్యడం మొదలుపెట్టాడు.

తొట్టి తగిలించిన బండిని వెనక్కి తియ్యడం తెలియనివాడు తీస్తుంటే చూడటం ఎవరికైనా కష్టమే. మాస్టారికి అది ప్రాణగండం. తొట్టి నేరుగా రెండు చోట్లకీ మధ్యనున్న మంచినీళ్ళ కుళాయి వైపు పోతోంది. అటు కాదు, ఇటు తిప్పు, అని చెబితే చాలు. మాస్టారు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. భార్య చెయ్యి సంచీ మీద పడింది. మాస్టారు ఒక గుడ్డు తీసి మొత్తంగా నోట్లో కుక్కుకున్నాడు. తొట్టి ఇంకా వెనక్కొచ్చింది. రెండో గుడ్డు కూడా కుక్కుకున్నాడు. తొట్టి కుళాయిని కొట్టింది. గొట్టం మొదలంటా విరిగి, నీళ్ళు తాడెత్తున ఎగిరిపడ్డాయి.

నీలం చొక్కా తడిసి ముద్దై దిగి, మాస్టారిని చూసి ఆగిపోయాడు. "మీరు బ్రేకు మాస్టారు కదండీ? మా మేనల్లుడికి నేర్పారు. కళ్ళెదురుగా ఇంత జరుగుతుంటే చూస్తూ కూర్చున్నారేంటండీ?"

మాస్టారు గుడ్లు మింగడానికి కాస్త సమయం తీసుకున్నాడు. "నేను సెలవులో ఉన్నానండీ," అన్నాడు.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీతో సహా వెనక్కి పడబోయింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో మాస్టారికి గుర్తులేదు. ఊళ్ళో కుళాయిలన్నీ విరిగినా ఫరవాలేదనిపించింది ఆయనకి.

నీళ్ళు ఆపే మనిషి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. పొద్దున లేచి చూస్తే వ్యాను చుట్టూ బురద, చక్రాలు సగానికి పైగా అందులో ఉన్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారుగానీ, ఇక్కడ అడుసే వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. బండి బయటికి రావాలంటే వెనకనుంచి ఇద్దరు మగాళ్ళు తొయ్యాలి, ముందు ఒకరు నడపాలి. ఉన్నది ముగ్గురు. కుళాయి సంగతి చూశాక నీలం చొక్కా చేతికి స్టీరింగు ఇవ్వాలని ఎవరికీ అనిపించలేదు. ఆయనకీ అనిపించలేదు.

"తాళంచెవి ఇటివ్వండి," అంది భార్య.

మాస్టారు ఇచ్చాడు. ఇస్తూ, "క్లచ్..." అన్నాడు.

ఆవిడ సంచీ వైపు చూసింది.

"క్లచ్... ఉంది దానికి," అని ముగించాడు మాస్టారు. అది సలహా కాదు, సమాచారం. ఆవిడ ఒప్పుకుంది.

ఇద్దరూ వెనక భుజాలు ఆనించారు. ముందునుంచి ఆవిడ గొంతు మెల్లగా వినిపించింది. తనలో తనే చెప్పుకుంటోంది: "సగం వదులు. అక్కడే నిలబెట్టు. తొందరపడకు, బండి ఏమంటోందో విను." మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అవి తన మాటలే. స్కూలు కింది అంతస్తులో, వీళ్ళ వంటగది సరిగ్గా పైన. క్లాసు చెబుతున్నంతసేపూ ఆ కిటికీ తెరిచే ఉంటుంది. ఇన్నేళ్ళు తను ఊరికి చెప్పిన ప్రతి ముక్కా ఆవిడ పైనుంచి వింటూనే ఉంది.

బండి మూలిగింది, ఊగింది, ఇద్దరి మొహాల మీదా బురద కొట్టి బయటపడింది. పడి, ఆగలేదు. చెట్ల దాకా పోయింది. చెట్లు దాటి చెరువు గట్టు వైపు తిరిగింది. మాస్టారు కుడి పాదంతో బురదని గట్టిగా తొక్కాడు. బ్రేకు పడలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. పిక్కదాకా దిగబడిపోయి, కాలు పైకి తీసేసరికి చెప్పు లోపలే ఉండిపోయింది.

వ్యాను గట్టు మీద పెద్ద మలుపు తిరిగి, నిదానంగా వెనక్కి వచ్చి ఆయన ముందాగింది. ఆవిడ మొహం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. పక్క సీటు మీదున్న సంచీ తీసి వెనక మంచం మీదికి విసిరేసింది.

"ఎక్కండి," అంది.

ఒక్క చెప్పుతో, ఒంటినిండా బురదతో మాస్టారు పక్క సీటెక్కాడు. అది ఆయన సీటే. కానీ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు లేదు. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. భయం వేసిందా అంటే వేసింది. దాచుకోవాలనీ చూశాడు, కుదరలేదు. ఆవిడ మాత్రం కేకు మీద అక్షరం దిద్దుతున్నంత నిదానంగా నడిపింది. పాలవాడి సైకిలుని దాటింది కూడా.

సగం దారిలో ఆవిడ అడిగింది. "నీకు ఈ జన్మలో రాదు అన్నారు కదా. ఆ మాట ఇంకెంతమందితో అన్నారు?"

"ఎవరితోనూ అనలేదు."

"ఎందుకని?"

మాస్టారు రోడ్డు వంకే చూశాడు. "అంటే మర్నాడు రారని భయం. నువ్వయితే ఎక్కడికీ పోవనుకున్నాను."

ఆవిడ గేరు మార్చింది. మార్చిన తీరు మాస్టారికి నచ్చింది. అదీ చెప్పలేదు. మెచ్చుకోలు సలహా కిందికి వస్తుందో రాదో ముందుగా అడిగి ఉంచుకోలేదు మరి.

ఊళ్ళోకి వచ్చారు. స్కూలుకి ముందున్న వీధి మలుపు కనిపించింది. మాస్టారు తొడల కిందనుంచి చేతులు తీశాడు.

"ఆపు," అన్నాడు.

ఆవిడ వ్యాను ఆపింది. మొహం మాడిపోయింది. "రెండు రోజులు అయ్యాయి, ఇంకొక్క వీధి ఆగలేకపోయారా?" అంది. "ఒక్కటి కూడా వద్దన్నాను. దిగి బస్సెక్కుతానన్నాను."

"నువ్వెందుకు దిగడం?" అన్నాడు మాస్టారు. పక్క తలుపు మొరాయిస్తే ఆవిడ పద్ధతిలోనే నడుముతో ఒక పోటు పొడిచాడు. దిగి, తలుపు వేసి, మంగలి కొట్టు ముందు నిలబడ్డాడు.

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక వెంటనే కదలలేకపోయింది. కళ్ళు తుడుచుకుని, అద్దం సరిచేసుకుని, క్లచ్ సగం వదిలింది. వ్యాను ఒకసారి కుదిపి ముందుకు సాగింది. ఆదివారం రద్దీలో ఉన్న మంగలి, సగం గడ్డాన్ని వదిలేసి బయటికొచ్చాడు. బురద మనిషిని పోల్చుకోవడానికి కాస్త తడబడి, "ఇవాళ ఎవరు మాస్టారూ?" అని అడిగాడు.

"మా ఆవిడ," అన్నాడు మాస్టారు. అని, ఒంటి చెప్పుతో వ్యాను వెనకాలే నడిచాడు.

ఇంటి ముందు వ్యాను ముందు చక్రం మెట్టెక్కి ఉంది. వెనక భాగం సగం వీధిని ఆక్రమించింది. పూలకుండీ ఒకటి పక్కకి ఒరిగింది. ఆవిడ పక్కనే నిలబడి, బేకరీలో మొదటి కేకు పూర్తిచేసిన పిల్లలా, ఏమంటాడో అని చూస్తోంది. మాస్టారు చక్రం చూశాడు, కుండీ చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు.

పద్ధతి ప్రకారం ఆవిడ తాళంచెవి ఇవ్వబోయింది.

మాస్టారు చెయ్యి చాచలేదు. "నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు.